ఎడమ రెప్ప

నా ఎడమ రెప్ప కుడిదానికన్నా కాస్త కిందికి వాలి ఉంటుంది. పదో తరగతి నుంచీ ఆ కంటికి కాటుక మందంగా, కుడికంటికి సన్నగా దిద్ది రెండూ సమం చేసుకునేదాన్ని. ఫోటో తీస్తుంటే ముఖం ఓ పక్కకు తిప్పేదాన్ని. కెమెరా ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఆడబిడ్డ చెప్పకుండా ఎదురుగా ఒక ఫోటో తీసింది. అది చూసుకున్నాక, ఆపరేషన్ చేయించాల్సిందేనని ఇంట్లో పట్టుబట్టాను.

మా ఆయనకు నందికొట్కూరులో చీరల అంగడి. అంచులో ఒక్క పోగు తప్పినా అల్లంత దూరం నుంచే పట్టేస్తాడు. ఆయన్ను వెంటబెట్టుకుని కర్నూలు కంటి ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ నా కాటుక తుడిపించి, నన్ను మాట్లాడొద్దని, ఆయన్ను అడిగింది.

"ఏ కన్నో మీరు చెప్పండి."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "కుడిదే మేడం" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చూపుకేమీ ఇబ్బంది లేదని, బాగా ఆలోచించుకుని రమ్మని డాక్టరమ్మ పంపేసింది. బస్సెక్కేదాకా ఓర్చుకున్నాను.

"పెండ్లయి తొమ్మిదేండ్లాయ. యా కన్నో తెలీదా మీకు? చీరలో పోగయితే కనపడతాది!"

"చీర గమ్మునుంటాది. నువ్వు రెండు కండ్లూ ఉరిమి సూస్తాంటే, చిన్నది యాదో నేనెట్ల సూసేది?"

ముందు సీట్లో ఆవిడ పకపకా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

మళ్లీ ఆ ఆసుపత్రికి పోలేదు. ఇప్పటికీ అడిగితే ఆయన కుడిదే అంటాడు. నేను సరిదిద్దడం మానేశాను.