చివరి స్వరం ముందు ఆపే బాబాయి

మా బాబాయి ఏ పాటనూ పూర్తి కానివ్వడు. సరిగ్గా చివరి స్వరం ముందు టక్కున ఆపేసి, జేబులోంచి పెన్ను తీసి, "తర్వాత ఏం వస్తుందో పాడు, తొందరగా!" అంటాడు.

కంప్యూటరుకు పాట వినడం నేర్పడమే ఆయన ఉద్యోగం. మెదడు పనిచేసే తీరు చూసి అల్లిన న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాము ఒకటి ఆయన ల్యాబులో ఉంది. దాన్ని "మా శిష్యుడు" అంటాడు. వేల పాటలు విని, తర్వాతి స్వరమేమిటో అది ఊహిస్తుంది. ఆ ఊహ మనుషుల ఊహతో సరిపోవాలి. ఆ మనుషులం మేమన్నమాట!

నా పుట్టినరోజున అందరూ పాడుతుంటే ఆఖరి ముక్క ముందు చెయ్యెత్తి ఆపేశాడు.

"అందరికీ తెలిసిన పాటేగా బాబాయ్!"

"మా శిష్యుడు తప్పు చెప్పాడే!"

పదకొండుమంది జవాబులూ రాసుకునేసరికి కొవ్వొత్తి కరిగి కేకులో కలిసింది.

ఒకసారి పళ్ల డాక్టరు కూనిరాగం తీస్తూ బాబాయి పన్ను పీకుతుంటే, డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు. తర్వాత ఏం వస్తుంది?"

"పన్ను వస్తుందండీ, చెయ్యి వదిలితే!"

బాబాయి ఎన్నడూ అడగని మనిషి ఒక్క మా అత్తయ్యే. ఆయనకు అక్క. ఒకప్పుడు కుట్టుమిషను తొక్కుతూ రోజంతా పాడేది. జ్వరమొచ్చి వినికిడి పోయింది. ఆపరేషన్ చేసి చెవికి పరికరం పెట్టాక మాటలు వినిపించాయి గానీ, పాట మాత్రం డబ్బాలో మేకులు గిలకొట్టినట్టుందట. మూడేళ్లుగా తన గదిలో రేడియో మీద గుడ్డ కప్పే ఉంచింది. ఆ గదిలోకి వెళ్లాలంటేనే నాకు దిగులుగా ఉండేది.

మొన్న ఆదివారం బాబాయి గుమ్మంలోంచే కేకలు పెడుతూ వచ్చాడు.

"అక్కా, మిషను ఆపు! దొరికింది!"

అసలు సంగతి అప్పుడు తెలిసింది. మామూలు చెవి ఏం ఎదురుచూస్తుందో మా దగ్గర రాసుకుని శిష్యుడికి నేర్పాడు. తర్వాత అత్తయ్య పరికరంలో ఎలా వినపడతాయో అలాగే దానికి పాటలు వినిపించాడు. అది ఎక్కడెక్కడ దారి తప్పుతోందో పట్టుకుని, అత్తయ్యకు ఇష్టమైన పాటను మార్చి తెచ్చాడు. వాయిద్యాలు లేవు. ఒక్క గొంతు, చప్పట్ల తాళం, అంతే.

పాట మొదలైంది. అత్తయ్య మొహం చిట్లించింది. కాసేపటికి ఆవిడ కాలు మిషను మీద తాళానికి కదలసాగింది! చివరి స్వరం దగ్గరికొచ్చింది. పాడు అలవాటు, బాబాయి టక్కున ఆపేశాడు.

అత్తయ్య ఆయన చేతి మీద ఒక్కటేసింది.

"రసపట్టులో ఆపి చచ్చావేంరా!" అని, ఆ స్వరం తనే పాడేసింది.

ఇన్నేళ్లూ మేమంతా తిట్టిన తిట్టే అది. బాబాయి మాత్రం పెన్ను పారేసి గంతులేశాడు.

"అక్కా, ఇంకోసారి తిట్టవూ!"

"ముందు పాట పెట్టు, తర్వాత తిడతాను."

పెట్టాడు. పాట పూర్తయ్యేదాకా ఆయన చేతులు రెండూ నేను గట్టిగా పట్టుకున్నాను.