కార్డు చూడు, చెవి చూడు, మళ్ళీ కార్డు చూడు

నిన్న ఆర్వో, అంటే మధ్యాహ్నం, ఇక్కడి శివారు ట్రుగనీనాలోని ఇంటి నుంచి అక్క హౌస్‌మేట్ ఫోన్ చేసి, గ్రేస్ అక్క ఇక లేదంది.

ఎక్కడికెళ్ళిందని అడిగాను.

నిజంగానే అడిగాను. సీరియస్‌గా ఉండాల్సిన ఒక్క రోజు కూడా నాకు చేతకాలేదు.

పొద్దున వంటింట్లో పడిపోయిందట. గుండె. ఇరవై తొమ్మిదేళ్ళు.

తెలియనివాళ్ళ కోసం: అక్కది తెనాలి. ఇక్కడి యూనివర్సిటీలో మా ల్యాబ్ సీనియర్. క్రోమోజోముల్లో తేడా ఉన్న మగ ఎలుకల్లో వీర్యకణాలు ఎందుకు సరిగ్గా తయారవవు, వాటికి పిల్లలు ఎందుకు పుట్టవు, ఇదీ ఆమె పీహెచ్‌డీ.

చర్చివాళ్ళ బార్బెక్యూ విందులో ఒక అంకుల్, ఎలుకలకి పిల్లలు పుట్టకపోతే లోకానికి మంచిదేగా అమ్మా అన్నాడు.

"పిల్లల కోసం క్లినిక్‌ల చుట్టూ తిరిగే మగాళ్ళ కోసం అంకుల్," అంటూ అక్క ఆయన ప్లేట్లో సాసేజ్ పెట్టింది.

అంకుల్ రెండో సాసేజ్ అడగలేదు.

ఆ ల్యాబ్‌లో బోన్లు కడిగే పార్ట్‌టైమ్ మహానుభావుణ్ణి నేను. ఒకసారి ఎలుకల్ని శుభ్రమైన బోన్లలోకి మారుస్తూ, వాటి వివరాలుండే కార్డులు రెండు అటూ ఇటూ పెట్టేశాను.

కొన్నాళ్ళకి, పిల్లలు పుట్టవనుకున్న మగ ఎలుక కార్డున్న బోనులో ఏడు పిల్లలు.

ల్యాబ్ అంతా పండగ. సూపర్‌వైజర్ కాన్ఫరెన్స్‌లో చెబుదామన్నాడు. నేను కేక్ తెచ్చాను.

అక్క కేక్ ముట్టలేదు. వెళ్ళి ఆ ఎలుక చెవికున్న గుర్తు చూసింది. కార్డులో రాసిన గుర్తుతో కలవలేదు.

తిడుతుందనుకున్నాను.

"రేపు మీటింగ్‌లో నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటా," అంది.

ఉద్యోగం పోతుందక్కా అన్నాను.

"పోతే ఇంకోటి చూద్దాం రా. తప్పు కార్డు మీద నేను థీసిస్ రాయలేను."

చెప్పాను. ఉద్యోగం పోలేదు. నేను ముట్టుకున్న బోన్లన్నీ పక్కన పెట్టేసి, మూడు నెలల పని అక్క మళ్ళీ మొదటినుంచి చేసింది. ఒక్కసారి కూడా దెప్పలేదు. రూల్ మాత్రం ఒకటి పెట్టింది.

కార్డు చూడు, చెవి చూడు, మళ్ళీ కార్డు చూడు.

అందుకే నిన్న నమ్మలేదు. ఎక్కడో, నాలాంటి వెధవెవడో కార్డు మార్చి ఉంటాడనుకున్నాను.

హాస్పిటల్‌కి వెళ్ళాను. మంచానికున్న కార్డు మీద పేరు చదివాను. చెవికి ఎప్పుడూ ఉండే ఆ చిన్న ముత్యం చూశాను. మళ్ళీ పేరు చదివాను.

ఈసారి కార్డు తప్పు కాదక్కా.

వెళ్ళిరా. హాయిగా నిద్రపో. నీ బోన్లు నేను చూసుకుంటా, రెండేసి సార్లు.