వేడి ముల్లు కదలని మధ్యాహ్నం

మా ఇంట్లో దెయ్యాల మాట ఎత్తితే నాన్నగారు విస్తరి ముందు నుంచి లేచిపోయేవారు. నేనూ అలాగే పెరిగాను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

దర్శి దగ్గర మాకు ఒకప్పుడు చాలా భూమి, పొగాకును మంట వేడికి ఆరబెట్టే బ్యారన్లు ఉండేవి. అన్నీ పోయాయి. మిగిలింది ఇంటిపేరు, పెద్దమ్మ, నేను. ఎనభైల చివర్లో గుంటూరులో ఒక నూలుమిల్లు కంప్యూటర్ గదిలో ఉద్యోగం దొరికింది. మా వంశంలో ఒకరి దగ్గర జీతానికి కుదిరిన మొదటివాణ్ణి నేనే. మా ఇద్దరి తిండీ దాని మీదే.

ఆ కంప్యూటర్ బీరువా అంత ఉండేది. లోపలి వేడిని చూపే ముల్లు దాని తలుపు మీద ఉండేది. ముల్లు ఎర్రగీతను తాకితే మిషను ఆపాలి. తాకకపోతే ముట్టుకోకూడదు. నాకు ముందున్నతను ఊరికే భయపడి ఆపేశాడు. జీతాల లెక్కంతా చెరిగిపోయింది, అతని ఉద్యోగమూ పోయింది.

"రాజావారూ, ముల్లు చెప్పకుండా చెయ్యి పెట్టారో, ఇక దర్శి బస్సే" అనేవారు మేనేజరు గారు.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. జీతాల చీటీలు అచ్చవుతున్నాయి. ముల్లు గీతకు చాలా దూరంలో ఉంది. మిషనుకు వీపు పెట్టి టైపు చేస్తున్న సరోజిని గారు ఆగారు.

"ఏవండీ, మిషను లోపల ఎవరో తలుపు కొడుతున్నారేంటండీ?"

"ఎలుకేమోనండి."

"ఎలుకలు ఉంగరాలు పెట్టుకుంటాయేంటండీ?"

అప్పుడు నాకూ వినిపించింది. రేకు మీద ఉంగరంతో కొట్టినట్టు రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి.

మా పెద్దనాన్నగారు బ్యారన్ తలుపు తీసే ముందు ఉంగరంతో అలాగే కొట్టేవారు. లోపల అగ్నిహోత్రుడు ఉన్నాడు, చెప్పకుండా తీయకూడదనేవారు. బ్యారన్ అంటుకున్న రోజు పనివాణ్ణి బయటికి తోసి, తాను రాలేకపోయారు. నా చిన్నప్పటి సంగతి. మిల్లులో ఎవరికీ తెలియదు.

మళ్లీ చూశాను. ముల్లు ఉన్నచోటే ఉంది. చప్పుడు మళ్లీ వచ్చింది, అదే వరసలో. పెద్దమ్మ ముఖం కళ్లముందు మెదిలింది. సరోజిని గారిని బయటికి పంపి, మిషను ఆపేశాను.

తలుపు తీయగానే సెగ ముఖానికి కొట్టింది. మిల్లు గాలిలోని దూది నూగు పేరుకుని ఫ్యాను ఆగిపోయి ఉంది. తీగల తొడుగులు కరుగుతున్నాయి. ముల్లు ఎప్పుడో బిగుసుకుపోయింది. కాసేపుంటే ఆ దూది భగ్గుమనేదని తర్వాత వచ్చిన ఇంజనీరు చెప్పాడు. చప్పుడు మాత్రం వేడికి రేకు సాగడమేనన్నాడు. కావచ్చు. అదే వరసలో ఎందుకు సాగిందంటే నవ్వేశాడు.

మేనేజరు గారు నన్నేమీ అనలేదు. ఉద్యోగం నిలిచింది.

ఇంటికెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"ఈసారి లోపల ఎవరూ ఉండిపోలేదు గదా, నాయనా?"

"లేదు పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం ఆ చప్పుడు ఏమిటో ఇప్పటికీ తెలియదు.