ఐదో అంతస్తు బాల్కనీ

దుబాయ్‌లో నా మొదటి కంపెనీ ఫ్లాట్లు కట్టే కంపెనీ. డెబ్బయ్యో దశకం సగం దాటిన రోజులు. దేరాలో ఎటు తలతిప్పినా సెంట్రింగు కర్రలే కనపడేవి. నాలుగంతస్తులు, ఆరంతస్తులు, ప్రతి ఫ్లాటుకూ ఒక బాల్కనీ. ఎన్ని బాల్కనీలు కట్టానో నాకే గుర్తు లేదు. పని పూర్తయి రంగులు వేశాక ఒక్కదాని మీదైనా నిలబడి చాయ్ తాగింది మాత్రం లేదు. అప్పటికి మమ్మల్ని ఇంకో సైటుకు తోలేవాళ్ళు.

నాది సలాక పని. ఇనుప సలాకలను కొలతకు కోసి, వంచి, సన్నటి తీగతో జాలీలాగా కట్టాలి. ఆ జాలీ మీద కాంక్రీటు పోస్తే స్లాబు అవుతుంది. ఈ పని నాకు నేర్పింది మా బావ. సొంత బావ కాదు. జగిత్యాల దగ్గర మాది ఒక ఊరు, ఆయనది పక్క ఊరు. ఆయన భార్య మా వాడకట్టు ఆడబిడ్డ. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆయన బావ అయ్యాడు. నాకన్నా పన్నెండేండ్లు పెద్ద. బొంబాయిలో చాలాకాలం ఇదే పని చేసి వచ్చినవాడు. నన్ను కంపెనీలో పెట్టించిందీ ఆయనే. క్యాంపు రూములో రెండంతస్తుల మంచం మాది. కింద ఆయన, పైన నేను.

మొదటిసారి బాల్కనీ సలాక కట్టేరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "మామూలు స్లాబుకు బలం కింద ఉంటది. దీనికట్ల కాదు. ఇది గోడ నుంచి బయటికి చాపిన చెయ్యి. నువ్వు చెయ్యి చాపి నీళ్ళ బకెట్ పట్టుకుంటే యాడ గుంజుతది?"

"భుజం కాడ."

"ఆఁ. భుజం మీద గుంజుతది. అందుకే దీంట్ల సలాక పైన ఉండాలె. కిందికి జారితె ఉన్నా లేనట్టే."

పై సలాక జారకుండా దాని కింద వంచిన చిన్న ఇనుప ముక్కలు నిలబెడతాం. వాటిని కుర్చీలంటాం. మూరకొక కుర్చీ పెట్టాలని బావ పట్టు. ఎవరు చూసినా చూడకపోయినా ఆయన అట్లాగే పెట్టేవాడు.

ఆ రోజు గురువారం. మర్నాడు సెలవు. ఐదో అంతస్తులో వరుసగా బాల్కనీలు, చివరిది నా వంతు. మధ్యాహ్నం కాంక్రీటు పోస్తారు. సగం కట్టేసరికి కుర్చీలు అయిపోయాయి. ఇంకొన్ని కావాలంటే ఐదంతస్తులు దిగి, కింద యార్డులో సలాక కోసి, వంచి, భుజాన వేసుకుని మళ్ళీ ఎక్కాలి. ఎండ మాడ్చేస్తున్నది. అన్నిటికన్నా నా మనసంతా సాయంత్రం బజారుకు పోయే కంపెనీ బస్సు మీద ఉన్నది. మా రూము అతను ఒకడు మర్నాడు ఇంటికి పోతున్నాడు. నా భార్యకు నా మాటలు క్యాసెట్లో నింపి అతని చేతికియ్యాలి. క్యాసెట్ కొనాలంటే ఆ బస్సు దొరకాలి. ఉన్న కుర్చీలనే దూరం దూరం జరిపి పెట్టి, పైన సలాక కట్టేశాను. చూడటానికి బాగానే ఉంది.

క్రేను బకెట్లో కాంక్రీటు వచ్చింది. నా బాల్కనీ మీద ఒక్కచోటే కుప్పగా పోశారు. నలుగురు బూట్లతో దాని మీదికెక్కి పారలతో లాగడం మొదలుపెట్టారు. పక్క బాల్కనీలో ఉన్న బావ ఏం చూశాడో, గబగబా వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, తడి కాంక్రీటులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

"సలాక కిందికి కూసున్నది. ఆపండ్రి" అన్నాడు.

ఫోర్‌మన్ అటునుంచే కేకేశాడు. "యల్లా, యల్లా, కానివ్వండి. కాంక్రీటు గట్టిపడిపోతుంది."

బావ నా వైపు తిరిగాడు. "కుర్చీలన్నీ పెట్టినవా?"

"పెట్టిన బావ" అన్నాను. ఏమీ ఆలోచించకుండానే ఆ మాట నోట్లోంచి వచ్చింది.

పని ఆగలేదు. నాకు బస్సు దొరికింది. క్యాసెట్ కూడా దొరికింది. అందులో నా భార్యకు ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

శనివారం పొద్దున్నే బావ ఫోర్‌మన్‌ను దాటిపోయి నేరుగా సైటాఫీసులో ఇంజనీరుకు చెప్పాడు. ఆ బాల్కనీలో సలాక కిందికి పోయింది, ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే పగలగొట్టి మళ్ళీ కాంక్రీటు పోద్దామని. ఇంజనీరు పైకొచ్చాడు. వెనక ఫోర్‌మన్. అందరూ ఆ బాల్కనీ దగ్గర నిలబడ్డారు. సలాక కట్టిందెవరని అడిగితే నన్ను ముందుకు తోశారు.

ఇంజనీరు హిందీలో నన్ను అడిగాడు, కుర్చీలన్నీ పెట్టావా అని. కోపంగా కూడా అడగలేదు. ఫోర్‌మన్ నన్నే చూస్తున్నాడు. నిజం చెప్తే నీ పని పోతుందన్న అతని చూపు నాకు అర్థమైంది. బావ మాత్రం నన్ను చూడటం లేదు, కాంక్రీటునే చూస్తున్నాడు.

"రఖా థా సాబ్" అన్నాను. పెట్టానండీ అని.

"కట్టినవాడే బాగుందంటుంటే నీకెట్లా తెలుసు?" అని ఇంజనీరు బావను అడిగాడు.

"చెయ్యి పెట్టి చూసిన సాబ్" అన్నాడు బావ తనకొచ్చిన హిందీలో.

ఫోర్‌మన్ నవ్వాడు. ఇంజనీరు గడియారం చూసుకుని "ఖలాస్" అని దిగిపోయాడు. బావ అప్పుడు నా ముఖం చూశాడు. తిట్టలేదు. కింద పడి ఉన్న తన కటింగు ప్లేయరు తీసుకుని పనికి పోయాడు.

రెండు నెలల తరువాత మా బ్యాచి వీసాలు రెన్యూవల్‌కు పోయాయి. ఆ కట్టలో బావ పాస్‌పోర్టు లేదు. ముదీర్‌ను, అంటే మా మేనేజరును అడిగితే, ఫోర్‌మన్‌తో సరిపడని మనిషి మాకెందుకన్నాడట. బావ పెట్టె సర్దుకుంటుంటే నేను మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను.

"ముదీర్ కాడికి పోయి నేను చెప్త బావ" అన్నాను.

"ఏం చెప్తవ్?"

నేను మంచం పట్టీ మీది రంగును గోటితో గీకుతున్నాను.

"ఇప్పుడు పోతే నిన్ను గూడ పంపుతరు. ఇద్దరం పోయి ఇంటికాడ ఏం చేస్తం? ఉండు" అన్నాడు. నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలాగా ఊరుకున్నాను. ఆయన పెట్టె బస్సు దాకా మోసుకుపోయి ఎక్కించాను.

బావ పోయాక, సెంట్రింగు విప్పినరోజు ఆ బాల్కనీ చివర బొటనవేలు మందం కిందికి దిగింది. పడలేదు. గోడ మొదట్లో వెంట్రుకంత గీత కనపడింది. ఫోర్‌మన్ దాని మీద సిమెంటు పూయించాడు. ఆ మీద టైల్స్ వేశారు, రంగు వేశారు, రెయిలింగు బిగించారు. కింద నుంచి చూస్తే ఆ వరుసలో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నాకు తప్ప.

మేము వేరే సైటుకు పోయినా, శుక్రవారం బజారుకొచ్చినప్పుడల్లా ఆ వీధిలోంచే పోయేవాణ్ణి. ఏడాది దాటాక ఆ ఫ్లాటులోకి ఎవరో వచ్చారు. బాల్కనీలో చీరలు, ఒక చిన్న పిల్ల గౌన్లు, నర్సులు వేసుకునే తెల్ల బట్టలు ఆరేసి ఉండేవి. రెయిలింగు దగ్గర పాలడబ్బాలో కరివేపాకు మొక్క. ఆ పక్కన నీళ్ళ డ్రమ్ము ఒకటి. నిండు డ్రమ్ము ఎంత బరువుంటుందో తలచుకుంటూ క్యాంపుకు తిరిగి పోయేవాణ్ణి. చెప్పాలనుకునేవాణ్ణి. చెప్తే ఎవరు కట్టారు, ఎందుకట్లా కట్టారు అని మొదలవుతుంది. నా వీసా ఇంకో ఏడాది ఉంది, అది అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆ ఏడాది అయింది. రెన్యూవల్ అయింది. మళ్ళీ అదే అనుకున్నాను.

ఒక శుక్రవారం ఆ వీధిలో పెండ్లి కార్లు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. తల ఎత్తి చూస్తే ఆ బాల్కనీ నిండా మనుషులు. ఏడెనిమిది మంది, చేతుల్లో చాయ్ కప్పులతో, రెయిలింగు మీదికి వంగి కార్లను చూస్తున్నారు. ముందర ఆ చిన్నపిల్ల. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి పోయి తలుపు బాదాను.

తలుపు తీసింది ముప్పయ్యేండ్ల ఆమె. ఏ భాష మనుషులో ఆలోచించకుండా, రొప్పుతూ తెలుగులోనే అన్నాను. "అమ్మా, బాల్కనీల ఉన్నోళ్ళందరినీ లోపలికి పిలువుండ్రి. అది బలంగ లేదు."

"ఎవరండీ మీరు?"

"దాన్ని కట్టినోన్ని."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. వెనక్కి తిరిగి, గొంతు పెంచకుండా, "అందరూ లోపలికి రండి, టీ ఇక్కడ తాగుదాం. పాపని ఎత్తుకోండి" అంది. అందరూ లోపలికి వచ్చారు. వాళ్ళంతా ఆమె హాస్పిటల్లో పనిచేసేవాళ్ళు, కాకినాడ వైపు వాళ్ళు. శుక్రవారం చర్చి నుంచి వచ్చి వాళ్ళింట్లో ప్రార్థన చేసుకున్నారట. నన్ను కూర్చోమన్నారు. నేను తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పాను. కుర్చీలు, బస్సు, బావ, ఇంజనీరు, నా అబద్ధం. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాటలు ముఖం తెలియని మనుషుల ముందు చెప్పాను.

ఆమె అంతా విని, "కడిగిన నీళ్ళు గొట్టం వైపు వెళ్ళకుండా రెయిలింగు వైపే వెళ్తాయండి. ఎందుకా అనుకునేదాన్ని" అంది. తరువాత అడిగింది. "మేం ఇందులోకి వచ్చి రెండేళ్ళయింది. మీకు మొదటినుంచీ తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మా పాప రోజూ అక్కడే ఆడుకుంటుంది."

ఆమె భర్త బీరువా తెచ్చి బాల్కనీ తలుపుకు అడ్డంగా పెట్టాడు. రేపు బిల్డింగు ఓనరు మనిషి దగ్గరికి వచ్చి ఇదే మాట చెబుతారా అని ఆమె అడిగింది. నేను తల వంచుకుని, "నా పేరు రానియ్యకుండ్రి అమ్మా" అన్నాను. నాకిప్పటికీ తలకెక్కని విషయం ఏమిటంటే, అంతదూరం మెట్లెక్కి పోయినవాణ్ణి ఆ చివరి అడుగు ఎందుకు వెయ్యలేకపోయానా అని.

ఆమె ఒక్కతే పోయి చెప్పింది. వాళ్ళు మొదట పట్టించుకోలేదట. ఆమె డ్యూటీ అయిపోయాక రోజూ పోయి వాళ్ళ ఆఫీసులో కూర్చునేదట. చివరికి ఒక ఇంజనీరు వచ్చి టైల్స్ లేపి చూసి, అదే వారం కింద ఇనుప స్తంభాలు నిలబెట్టించాడు. తరువాత ఆ బాల్కనీని మొత్తం కోసి దింపేశారు. ఎవరు చెప్పారని అడిగితే, "దారిన పోయే మేస్త్రి ఎవరో" అందట.

ఇదంతా ఆమే చెప్పింది, కొన్ని నెలల తరువాత బస్టాపులో కనపడినప్పుడు. బాల్కనీ తలుపుకు ఊచలు బిగించారని, పాప ఆ ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడుతుందని చెప్పింది. బస్సు వస్తుంటే అడిగింది. "ఇంటికి పంపేసిన ఆయనకి ఉత్తరం రాశారా?"

"లేదమ్మా."

"ఉత్తరం వద్దులెండి. వెళ్ళి చెప్పండి" అంది.

ఆ తరువాతి సెలవులో బావ దగ్గరికి పోయాను. ఆయన జగిత్యాలలో ఇండ్ల స్లాబులకు సలాక కడుతున్నాడు. ఇంటి ముందు కూర్చుని తీగ చుట్ట విప్పుతున్నాడు. నేను పక్కన కూర్చుని చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.

"బిడ్డకేం కాలె గద?" అని అడిగాడు.

"కాలె బావ."

"మంచిది." కాసేపు తీగ విప్పాడు. "నువ్వు కుర్చీలు పెట్టలేదని నాకు ఆ దినమే ఎర్కైంది. లోపల చెయ్యి పెడితే తెల్వదా? అందరి ముంగట నీ పేరు ఎందుకు చెప్పాలె అని ఊకున్న. ఇంజనీర్ అడిగితె నువ్వే చెప్తవనుకున్న."

నేను ఆయన కాళ్ళ వైపు వంగబోతే నా భుజం పట్టుకుని ఆపాడు. అప్పుడే అక్క చాయ్ తెచ్చింది. నన్ను చూసి సంబరపడింది. "మీ బావ కంపెనీ మూసేసినరని వచ్చిండు గద తమ్మీ, మరి నువ్వెట్ల ఉన్నవ్ అండ్ల?" అంది.

నేను బావ ముఖం చూశాను. ఆయన తల ఎత్తకుండానే, "వీనిది వేరే కంపెనీ" అన్నాడు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ రాదని అప్పుడే తెలుసు. అక్క నా ఎదురుగానే నిలబడి ఉంది. నేను చాయ్ తాగి గ్లాసు ఆమె చేతికిచ్చాను.

తరువాత జెబెల్ అలీలో గోదాముల పనికి మారి, ఇంకొన్నేండ్లు చేసి ఇంటికొచ్చేశాను. బావ పోయి చాలాకాలమైంది. అక్క ఉంది. ఎక్కడ కలిసినా, మీ బావకు అదృష్టం లేదు తమ్మీ, మంచి కంపెనీ మూతపడ్డది అంటుంది. నేను అవునక్కా అంటాను.