బండి తోక ఎటు తిరుగుతుందో నాకు తెలుసు

ఆరేళ్లు ఒక్క మాటని గొంతులో ఉంచుకున్నాను. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను, అందులో కూడా ఆ రోజు "రూత్ ఆంటీకి దెబ్బ తగిలింది, అందరం ఏడ్చాం" అని రాసి పేజీ తిప్పేశాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి నుంచి దాచినట్టు? మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు మొత్తం చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. శాన్ రామన్ పక్కనున్న డబ్లిన్‌లోని మా తెలుగు చర్చి నుంచి మూడు కుటుంబాలు కలిసి కొండల్లో ప్రార్థనల రిట్రీట్‌కి వెళ్లడానికి మోటార్‌హోమ్, అంటే పడకలూ వంటగదీ ఉన్న బండి, అద్దెకు తీసుకున్నాం. ముప్పై అడుగుల పొడవు. నడుపుతానని ప్రసాద్ అంకుల్ ముందుకొచ్చారు. ఆయన నాన్న స్నేహితుడు, రూత్ ఆంటీ భర్త. అంత పెద్ద బండి ఎప్పుడూ తోలలేదు. అద్దెకిచ్చినవాళ్ల గైడ్ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, చదివి ముఖ్యమైనవి చెప్పమన్నారు. రెండు రోజులు కూర్చుని మొత్తం చదివాను.

బయల్దేరే పొద్దున, చర్చి పార్కింగ్ లాట్‌లో, అందరి ముందూ ధైర్యం చేసి నోరు విప్పాను.

"అంకుల్, ఇది పన్నెండు అడుగుల ఎత్తు. బర్గర్ షాపుల డ్రైవ్ త్రూల కప్పు కిందికి వెళ్లకూడదంట."

"అబ్బో, లెక్చరర్ గారు! బెజవాడ ట్రాఫిక్‌లో తోలినోణ్ణి తల్లీ నేను. బర్గర్ కావాలంటే నడిచెళ్లి తెచ్చుకుందాంలే."

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా. నవ్వులు ఆగాక ఆయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "సరదాకన్నాలే. నిజంగా అడుగుతున్నా, ఇంకేమైనా ఉందా?"

ఉంది. బొమ్మతో సహా ఉంది. వెనక చక్రాల తర్వాత కూడా బండి చాలా పొడుగుంటుంది కాబట్టి, ఎడమకి తిప్పితే దాని తోక కుడికి ఊగుతుందని, పక్కనున్న మనిషికి తగులుతుందని, కదిలే ముందు ఒకరు కింద నిలబడి చూడాలని. నాకది కంఠతా వచ్చు.

"ఏం లేదంకుల్" అన్నాను.

ఎందుకన్నాను? బిడియం వల్ల, మళ్లీ నవ్వుతారన్న భయం వల్ల అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఆయన కాస్త తడబడాలనుకున్నాను. ఏ చెత్తడబ్బానో గీసుకుని, అప్పుడు అందరూ నావైపు తిరిగి, పుస్తకంలో ఏముందని అడగాలనుకున్నాను. అంత చిన్న కోరిక.

ప్రయాణానికి ముందు మేం బండి చుట్టూ నిలబడి, దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తాం. ఆమెన్ అన్నాక అందరం ఎక్కేశాం. రూత్ ఆంటీ ప్రార్థన ఎప్పుడూ మా అందరికంటే ఆలస్యంగా ముగుస్తుంది. వెనక కుడి మూల దగ్గర, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి బండికి ఆనించి ఆమె ఇంకా నిలబడే ఉన్నారు. ఆ చేతి పక్కనే దీపస్తంభం. అంకుల్ ఎడమకి తిప్పారు. కిటికీలోంచి నేను చూశాను. ఆగండి అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

బండికీ స్తంభానికీ మధ్య ఆ చెయ్యి నలిగింది.

ఆంటీ చర్చిలో కీబోర్డ్ వాయించేవారు. ఎవరు పాట ఎత్తుకున్నా రెండో చరణానికల్లా వాళ్ల శ్రుతి పట్టేసేవారు. ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఊరికే పాడతారు. రెండు వేళ్లు వంగవు.

ఆసుపత్రిలో అంకుల్ నన్ను మళ్లీ అడిగారు, ఇలా అవుతుందని పుస్తకంలో ఉందా అని. లేదన్నాను. తలూపి, "నేనే చూసుకోవాల్సింది" అన్నారు. ఆ రోజు నుంచి కారు తీసే ముందు కూడా దాని చుట్టూ రెండుసార్లు తిరుగుతారు. ఆ తిరగడం చూస్తూ నేను ఎన్నిసార్లు తలదించుకున్నానో.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక, శాన్ రామన్‌కి కొత్తగా వచ్చిన భార్యాభర్తలు మోటార్‌హోమ్ బుక్ చేశామని సంబరంగా చెప్పారు. నేను పక్కనే కుర్చీలు మడుస్తున్నాను. అంకుల్ ఆ అబ్బాయి భుజం పట్టుకున్నారు.

"వెనక తోకతో జాగ్రత్త బాబూ. అది బుక్‌లో కూడా రాయరు. మా అమ్మాయి మొత్తం చదివింది."

మా అమ్మాయి అంటే నేనే. ఆరేళ్లుగా నా అబద్ధాన్ని నమ్మి, దాన్నే పదిమందికీ చెబుతున్నారా ఈయన? ఆ అబ్బాయి ఆ పుస్తకం తెరవకుండానే బయల్దేరితే?

"ఉందంకుల్" అన్నాను. "అప్పుడే చదివాను. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు."

ఆయన ఆ భుజం మీంచి చెయ్యి తీసేశారు. తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగారు.

"ఉందంట బాబూ. చదువుకోండి."

నావైపు చూడకుండా వెళ్లిపోయారు. ఆంటీకి చెప్పారో లేదో తెలియదు. చెప్పకపోతే నేనే చెప్పాలి. క్షమించమని నేను అడగలేదు, ఆ మాట అడిగే హక్కు ఎక్కడి నుంచి వస్తుందో నాకింకా అర్థం కావడం లేదు.

ఇంటికొచ్చాక ఆకలేసింది. అన్నంలో పప్పు కలుపుకుని రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. అంత ఆకలి వేసినందుకు సిగ్గేసింది.