రెండు కమాను పట్టీలు

నా మొదటి కారును పాడుచేసింది నేనే. పాతబండి కాబట్టే ఆ రోజు దారిలో కూలబడిందని చాలాకాలం అందరికీ చెప్పాను. అది అబద్ధం.

అప్పుడు నేను మంచిర్యాలలో కిరాయి కారు నడిపేవాణ్ని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఎవరో దొర వాడి వదిలేసిన కారు అది, ఎత్తయిన బండి. ఎక్కేటప్పుడు కాలు పెట్టే పక్క పలకలు నా చేతికి రాకముందే తుప్పుపట్టి ఊడిపోయాయి. మగవాళ్లు ఎలాగో ఎగిరి ఎక్కేవాళ్లు. ఆడవాళ్లు నన్ను అటు తిరగమని, చీర ఎత్తిపట్టుకొని తిప్పలు పడేవాళ్లు.

పెళ్లిళ్ల కాలం వస్తే చేతినిండా పని. నన్ను పిలిచే కొన్ని ఇళ్లల్లో ఒక పట్టింపు ఉండేది. అత్తగారింటికి బయలుదేరే పెళ్లికూతురు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కుడికాలు ముందు పెట్టి బండెక్కాలి. ఒక పెళ్లిలో పిల్ల కాలు అందక జారి, మోకాలు చెక్కుకుపోయింది. తప్పు బండిది, తిట్లు పిల్లకు. ఆ తర్వాత పెళ్లివాళ్లు నా దగ్గరికి రావడం తగ్గింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మిస్త్రీ దగ్గరికి పోయి బండిని కిందికి దించమన్నాను. చక్రాల పైన బరువు మోసే కమాను కట్టల్లోంచి రెండేసి ఇనుప పట్టీలు తీసేస్తే దిగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. మిస్త్రీ ముసలాయన. బీడీ ఆర్పేసి నా వంక చూశాడు.

“దిగుతది బేటా. గాని, నిండ మనుషులు కూసుంటే ఇంకింత దిగుతది. మన తొవ్వలు ఎట్లుంటయో నీకు ఎరుకే గద.”

“ఫికర్ జెయ్యకు చాచా. పెండ్లిపిల్ల, పిల్లగాడు, గిద్దరే గద కూసునేది,” అన్నాను.

బండి దిగింది. దూరం నుంచి చూస్తే పెద్ద ఆఫీసరు కారులా ఉందని నేను మురిసిపోయాను. పెళ్లిళ్లకు మళ్లీ పిలిచారు. గతుకు వస్తే బండి అడుగు నేలకు కొట్టుకునేది. మలుపులో టైరు రేకుకు రాసుకొని కమురు వాసన వచ్చేది. నెమ్మదిగా నడిపితే సరి అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్కను ఇచ్చింది లక్సెట్టిపేటకు నాలుగు మైళ్ల అవతల ఒక పల్లెకు. బావ బొగ్గుబాయి పనిలో ఉన్నాడు. ఒక ఉదయం కబురు వచ్చింది. అక్కకు నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పింది, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. నేను బండి తీశాను.

ఆ ఊరికి ఉన్నది ఎడ్లబండ్ల బాట. వానలు పోయి రేగడి ఎండిపోయింది. రెండు చక్రాల గాడుల నడుమ మట్టి గట్టు రాయిలా బిగుసుకుంది. పోయేటప్పుడు ఖాళీ బండి గట్టుకు గీసుకుంటూనే ఎట్లాగో దాటింది. తిరుగు దారిలో వెనక అక్క, ఆమె అత్త, మంత్రసాని కూర్చున్నారు. ఊరు దాటగానే బండి పొట్ట గట్టు మీద కూలబడింది. చక్రాలు ఊరికే తిరిగాయి.

అత్త, మంత్రసాని దిగారు. అయినా కదల్లేదు. ఇంక అక్క దిగాలి. అక్కే తలుపు తీసుకుంది.

“నేను దిగుత తమ్మీ. నువ్వు బండి తోలు.”

అక్క నడిచింది. అత్త భుజం మీద చెయ్యి వేసి, నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, మళ్లీ నడిచింది. నేను ఖాళీ బండిలో కూర్చుని ముందు పోయాను. గట్టు తగ్గిన చోట ఎక్కించుకున్నాను. అట్లా మూడుసార్లు దిగింది. మూడోసారి నేల మీద కూర్చుండిపోయింది.

“గిదేం బండి కొడుకా?” అంది అత్త. “ఎడ్లబండి కట్టినా పండుకొని పోతుండె గద.”

దవాఖానకు చేరాం. అక్క బతికింది. పుట్టిన మగబిడ్డ ఏడవలేదు. నడవడం వల్లనే ఇట్లా అయిందా అని డాక్టరమ్మను అడిగాను. చెప్పలేమంది.

తర్వాత మిస్త్రీ దగ్గరికి పోతే, పట్టీలు మళ్లీ ఎక్కించాడు. బండి మునుపటి ఎత్తుకు లేచింది. పక్క దుకాణం వడ్రంగిని ఆయనే పిలిచాడు. రెండు పక్కలా టేకు పలకలు బిగించేసరికి మధ్యాహ్నం అన్నం వేళ కూడా కాలేదు.

మరుసటేడు అక్కను పుట్టింటికి తీసుకురావడానికి అదే కారులో పోయాను. ఆమె తలుపు దగ్గర ఆగి, పలక మీద కాలితో నొక్కి చూసింది.

“గీ పలక ఏయించనీకి ఎన్ని దినాలు పట్టింది?”

“ఒక్క పూట,” అన్నాను.

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి వెనక కూర్చుంది. ఊరు దాటాక ఆ గట్టు వచ్చింది. ఈసారి బండికి ఏమీ తగల్లేదు. అద్దంలో చూస్తే, దిగడానికి సిద్ధంగా అక్క తలుపు పిడి పట్టుకొని ఉంది. గట్టు దాటేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.