జేనీయిజం అనే మాట

రిటైరవడానికి మూడేళ్ల ముందు, వేసవి మొదట్లో, కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక క్యాటరింగ్ కంపెనీ సిబ్బంది విభాగానికి నన్ను సీనియర్ డాక్యుమెంటేషన్ ఆఫీసరుగా వేశారు. చమురు కార్మికుల క్యాంపులకు భోజనం పెట్టడం ఆ కంపెనీ పని. సిబ్బంది మీద వచ్చే ఫిర్యాదును విచారించి ఇంగ్లీషులో రిపోర్టు రాయడం నా పని. దాన్ని ఈజిప్టు దేశస్థుడు యూసుఫ్ అరబ్బీలోకి మార్చేవాడు. మేనేజరు చదివేది అరబ్బీ ప్రతిని మాత్రమే.

నేను ఇంగ్లీషు ఎమ్మే. ఆఫీసులో నా అంత ఇంగ్లీషు ఎవరికీ రాదని నాకు గట్టి నమ్మకం.

రాయచోటి వైపు మనిషి రెడ్డెప్ప క్యాంపు వంటశాలలో కూరగాయలు తరిగేవాడు. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ గరిటె మైకులా పట్టుకుని, పొట్ట ముందుకు తోసి, సూపర్‌వైజరు నడకనూ మాటనూ అనుకరించాడు. హాలంతా నవ్వింది. గుమ్మంలో నిలబడి అదంతా చూసిన సూపర్‌వైజరు ఫిర్యాదు పెట్టాడు.

డ్యూటీలో వేళాకోళం చేశాడని రాస్తే ఒక హెచ్చరిక ఉత్తరంతో పోయేది. నేను మాత్రం ఎప్పుడో పాత నిఘంటువులో చూసి దాచుకున్న మాట వాడాను: జేనీయిజం. విదూషకుడి చేష్టలని అర్థం. ఇంగ్లీషువాళ్లే మరిచిపోయిన మాట. రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

యూసుఫ్ ఫోన్ చేసి దాని అర్థం అడిగాడు. పెద్ద డిక్షనరీ కొనుక్కోమని చెప్పి పెట్టేశాను. అతని దగ్గరున్న దాంట్లో ఆ మాట లేదు. తోచిన దగ్గరి మాటగా ‘జునూన్’ అని రాశాడు. అరబ్బీలో జునూన్ అంటే పిచ్చి. కత్తులూ మంటా ఉన్నచోట పిచ్చివాడెందుకని మేనేజరు రెడ్డెప్ప ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, రద్దు చేయించి ఇంటికి పంపేయమన్నాడు.

మూడో రోజు రెడ్డెప్ప నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"సార్, నాకు పిచ్చి అని రాసినారంట. నేను నవ్వించినా సార్, అంతే. రూములో వాళ్లు చాకు గూడా దాచిపెడతాండారు. ఊరికి పోయి ఏమని చెప్పుకునేది?"

ఫైలు తెప్పించి చూశాక జరిగింది అర్థమైంది. వెంటనే మేనేజరు గదికి వెళ్లాను. నిజం చెప్పాలనే వెళ్లాను. పొరపాటు ఎవరిదని ఆయన అడగ్గానే, అనువాదంలో జరిగిందని నా నోటి నుంచి వచ్చింది. యూసుఫ్‌ను పిలిపించారు.

"నేను ఫోన్ చేసి అడిగాను" అన్నాడతను.

మేనేజరు నావైపు చూశాడు. నాకు గుర్తులేదన్నాను.

ఇఖామా రద్దు కాగితం ఇంకా ప్రభుత్వ కార్యాలయానికి చేరలేదు కాబట్టి రెడ్డెప్ప ఉద్యోగం నిలబడింది. యూసుఫ్‌కు హెచ్చరిక ఉత్తరం ఇవ్వమన్నారు. పద్ధతి ప్రకారం దాన్ని రాయవలసింది నేనే. చాలా సులువైన ఇంగ్లీషులో రాశాను.

మరునాడు రెడ్డెప్ప మళ్లీ వచ్చాడు. "మీరుండబట్టి బతికిపోతి సార్" అని కాళ్లకు వంగబోయాడు. పని చూసుకో పొమ్మని కసిరాను. ఆ తర్వాత అతను మెస్సులో ఎవరినీ అనుకరించలేదని క్యాంపువాళ్లు చెప్పారు.

యూసుఫ్ నాకు ఫోన్ చేయడం మానేశాడు. ఏ చిన్న సందేహమున్నా కాగితం మీద రాసి, జవాబు కింద నా సంతకం తీసుకుని, నకలు తన దగ్గర ఉంచుకునేవాడు. రిటైరయ్యే దాకా ఒకే ఆఫీసులో పనిచేశాం. క్షమాపణ చెప్పే అవకాశం రోజూ ఉండేది. చెప్పలేదు.

రిపోర్టులో మనిషి చేసిన పని రాయాలి, దానికి పేరు పెట్టకూడదు. అర్థం అడిగినవాడికి అర్థం చెప్పాలి. ఈ రెండూ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు నేర్పారు. పరువు అడ్డం వస్తే నేర్చుకున్నదేదీ నన్ను ఆపలేదని మాత్రం ఫహాహీల్‌లో తెలిసింది.